దూరపోళ్ళు పిలిస్తే వచ్చేది

మా ఊరి హైస్కూలుకి కంప్యూటరు వచ్చిన ఏడు మిరప కూడా విరగకాసింది. కళ్ళాల మీదుగా గాలి వీస్తే ఊరంతా దగ్గేది. ఆ ఘాటూ, చిలకలూరిపేట మిల్లుల నుంచి లారీల వెంట ఎగిరొచ్చే దూది నుసీ లోపలికి పోతే గవర్నమెంటు మిషను పాడైపోతుందని హెడ్మాస్టరు అంకమ్మరావుకి బెంగ పట్టుకుంది. దానికి తొడుగు కుట్టమని నాకు కబురు చేశాడు.

నా పేరు బుడే. దూది ఏకుతాను, పరుపులు కుడతాను. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో రేడియోలకీ టీవీలకీ తొడుగులు కుడతాను. మా ఊరి బళ్ళో ఐదు దాకా చదివాను. ఆ చదువు నాకేమీ చెయ్యలేదు. నా భార్య జోహరాబీ పోయాక, పని ఉంటే తప్ప ఊళ్ళో ఎవరి గుమ్మమూ తొక్కలేదు.

శనివారం మధ్యాహ్నం టేపు మెడలో వేసుకుని వెళ్ళాను. కంప్యూటరు పెట్టిన గది నాకు తెలిసిందే. నా చిన్నప్పుడు, ఇది హైస్కూలు కాకముందు, అందులో మాచేత తకిలీలతో నూలు వడికించేవాళ్ళు. "దూదేకులవాడి కొడుకువి, నీకు నేర్పేదేముందిరా" అని పంతులు నన్నొక మూల కూర్చోబెట్టి అందరి దూదీ ఏకించాడు. నాకు తకిలీ ఇవ్వలేదు. ఆ పంతులు పోయినప్పుడు ఊరంతా వెళ్ళింది. నేను వెళ్ళలేదు.

ఇప్పుడు ఆ గదిలో ఒక బల్ల, దాని మీద చిన్న టీవీ, టీవీ ముందు టైపుమిషను మీటల్లాంటివి ఉన్న పలక, పక్కన పాటలు వినే టేపురికార్డరు ఉన్నాయి. పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి చూస్తున్నారు. గుమ్మంలో జయకుమారి టీచరు, హెడ్మాస్టరు వాదించుకుంటున్నారు. ఆమె సైన్సు చెబుతుంది. ఈ మిషను నేర్చుకోవడానికి ఆమెనే గుంటూరు పంపారు.

"పొడుపు కథలు ఏ సిలబస్సులో ఉన్నాయమ్మా?" అంటున్నాడు అంకమ్మరావు.

"ఇంట్లో పెద్దవాళ్ళనడిగి పిల్లలే తెచ్చారండి. వాళ్ళే మిషన్లోకి ఎక్కించారు. అది ప్రశ్న వేస్తుంది. జవాబు కొడితే తప్పో రైటో చెబుతుంది. ఎలా ఎక్కించాలో చెప్పానంతే."

"రేపు ఇన్‌స్పెక్షనుకి వచ్చినవాళ్ళు మీట ఊడిందేమిటంటే ఏం చెప్పమంటారు? పొడుపు కథ విప్పబోయి మీట విప్పారని చెప్పనా?"

"నొక్కడానికే కదండీ మీటలు పెట్టింది."

"మనకిచ్చింది జాగ్రత్త చెయ్యమని. ఇదిగో, సాయిబు కూడా వచ్చాడు. తొడుగు వచ్చేదాకా మీ ఇష్టం. వచ్చిందంటే కప్పేసి గదికి తాళం వేయిస్తా. మళ్ళీ ఇన్‌స్పెక్షనుకే తీసేది."

ఆయన వెళ్ళిపోయాడు. ఆ తాళం నా జేబులోనే ఉన్నట్టు టీచరు నా వంక చూసింది.

"కొలుచుకోండి సాయిబు గారూ," అంది.

టీవీ పొడుగు కొలుస్తున్నాను. ముందు కూర్చున్న పిల్ల తెర మీదున్నది కూడబలుక్కుంటూ చదివింది. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి.

"దూరపోళ్ళు పిలిస్తే వచ్చేది, దగ్గరోళ్ళు కొడితే పోయేది. కుక్క కాదు, చుట్టం కాదు. ఏంటది?"

టేపు నా చేతిలోంచి జారిపోయింది.

అది జోహరాబీ పొడుపు కథ. ఎక్కడా విన్నది కాదు, ఆమె సొంతంగా అల్లింది. ఒక వేసవిలో నేను పరుపు కుడుతుంటే ఎదురుగా కూర్చుని దూది కూరుతూ వేసింది. జవాబు అడిగితే, "ఓడిపోయానను, చెబుతా" అంది. పొడుపు కథకి అది ధర్మం. విప్పలేనివాడు ఓడిపోయానని నోటితో అనాలి.

"చచ్చినా అనను," అన్నాను.

"అయితే చచ్చేలోపు విప్పు."

అప్పట్నుంచీ అది మా ఆట. అన్నం దగ్గర ఒక జవాబు చెప్పేవాణ్ణి, పడుకోబోతూ ఒకటి. జ్వరం అన్నాను. కాదంది. కాకి అన్నాను. "కాకిని ఎవరు పిలిచారయ్యా?" అంది. ఒకసారి దయ్యం అన్నాను. ఎక్కడివాళ్ళో చేతబడి చేస్తే వస్తుంది, ఇంట్లోవాళ్ళు వేపమండతో కొడితే పోతుంది. ఆమె చేతిలో దూది వదిలేసి పడీపడీ నవ్వింది. "దగ్గరికొచ్చావు. అయినా కాదు," అంది. ఆ నవ్వు కోసం తర్వాత చాలాసార్లు తెలిసి తెలిసీ తప్పులే చెప్పాను.

ఆ తర్వాతి ఏడు మిరపకోతల్లో ఆమెకి కామెర్లు వచ్చాయి. నేను మంగళగిరిలో పెళ్ళివారి పరుపులు కుడుతున్నాను. కోతల్లో ఆమె జట్టు కొండమ్మ. ఆ కొండమ్మ ఆమెని గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళకుండా, పొదిలి అవతల ఎవరో పసరు పోస్తారని బస్సెక్కించింది. నేను వచ్చేసరికి జోహరాబీకి మాట లేదు. కొండమ్మ మా గుమ్మంలో నిలబడి ఏడ్చింది. ఆవిడ ముఖాన తలుపు వేశాను. మళ్ళీ ఆవిడతో మాట్లాడలేదు.

మనిషి పోయిందని చెప్పుకుంటే ఊరు ఓదారుస్తుంది. మనిషితోపాటు ఒక జవాబు కూడా పోయిందని చెప్పుకుంటే నవ్వుతుంది. అందుకే ఎవరికీ చెప్పలేదు.

"ఇదెవరు తెచ్చారు?" అని అడిగాను.

"నేనే. మా నాయనమ్మ చెప్పింది," అంది చదివిన పిల్ల. పేరు ఎస్తేరు.

"ఎవరే మీ నాయనమ్మ?"

"కొండమ్మ. చర్చి పక్కిల్లే మాది."

కింద పడ్డ టేపు తీసి మెడలో వేసుకున్నాను. తర్వాత అడిగాను. "జవాబు నీకు తెలుసా?"

"నాకూ టీచరు గారికే తెలుసు. వీళ్ళెవరికీ తెలీదు."

"చెప్పు."

"అమ్మో, చెప్పకూడదు తాతా. మిషనే చెబుద్ది. ఇదుగో, ఈ ఓ మీట నొక్కాలి. ఓ అంటే ఓడిపోయాను. ఓడిపోయాననకుండా ఎవరికీ చెప్పొద్దని మా నాయనమ్మ ఒట్టేయించుకుంది. ఆమెకీ ఇట్టాగే ఒట్టంట, జోహరాబీ అని ఎవరో."

ఆ ఎవరో ఎవరో ఆ పిల్లకి తెలియదు. టీచరుకీ తెలియదు. ఊరికి ఎవరైనా ఎంతకాలం గుర్తుంటారు?

"రైలు అని కొట్టు," అన్నాను.

పిల్ల కొట్టింది. మిషను కూసింది. "తప్పు! మళ్ళీ చెప్పు!" అని పిల్లలందరూ ఒక్కసారే అరిచారు.

"పిడుగు."

"తప్పు!"

"నక్క."

"కుక్క కాదని ముందే చెప్పింది కదా తాతా, నక్కంటారేంటి!" అన్నాడొకడు.

"నక్క కుక్కేంట్రా?"

"అదీ ఊళ్ళోకొస్తే కొడతారుగా!"

ఇన్నేళ్ళూ కూడబెట్టిన జవాబులు ఒక్కొక్కటే బయటికి తీశాను. దేనికీ జోహరాబీ నవ్వలేదు. మిషను కూస్తూనే ఉంది. "ఓ నొక్కమంటారా?" అంది ఎస్తేరు. వద్దన్నాను. బడి గంట కొట్టారు. ఇంటికొచ్చాక చూసుకుంటే, కొలతలు తీసుకోవడమే మరిచిపోయాను.

అంచనాతో కుట్టాను. బిగుతయింది. ఆ తొడుగు అలాగే పట్టుకుని మళ్ళీ శనివారం వెళ్ళాను.

"ఏం సాయిబూ, ఊళ్ళో పరుపులన్నీ నువ్వే కుట్టావు, ఈ డబ్బాకి కొలత దొరకలేదా?" అన్నాడు అంకమ్మరావు.

"పరుపైతే సాగుద్దండి. ఇది సాగదు."

"తొందరగా తెమలనివ్వు. తాళం కొని పెట్టాను."

ఆ రోజు రెండు జవాబులైనా చెప్పకముందే కరెంటు పోయింది. తెర నల్లబడింది. కరెంటు పోతే మిషను అంతా మరిచిపోతుందని చెప్పారు. వచ్చాక టీచరు టేపురికార్డరులో ఒక క్యాసెట్టు పెట్టింది. పాట రాలేదు. తుప్పు పట్టిన బావి గిలకలాగా కీచుమని ఒకటే మోత. పిల్లలు చెవులు మూసుకున్నారు. పొడుపు కథలన్నీ ఆ మోతలోనే ఉన్నాయనీ, మిషను విని గుర్తు తెచ్చుకుంటుందనీ టీచరు చెప్పింది. నేను వంగి చెవి దగ్గర పెట్టాను. జోహరాబీ మాట ఆ కీచులో ఎక్కడ వస్తుందోనని చివరిదాకా విన్నాను. తెలియలేదు.

పిల్లలు నీళ్ళకి వెళ్ళినప్పుడు టీచరు అడిగింది. "జోహరాబీ గారు మీకేమవుతారండీ?"

"నా భార్య."

ఆమె చేతిలో ఉన్న చాక్‌పీసు కాసేపు తిప్పింది. "జవాబు నేను చెప్పనా సాయిబు గారూ? ఎవరికీ తెలియదు."

"వద్దు."

జాలితో ఇచ్చింది తీసుకుంటే అది జోహరాబీ ఇచ్చిన జవాబు కాదు. పైగా ఆ జవాబు కొండమ్మ నోటి నుంచి మనవరాలికీ, మనవరాలి నుంచి టీచరుకీ వచ్చింది. ఇన్ని చేతులు మారాక నా దాకా రావాలా? జోహరాబీ నాకే కదా ముందు వేసింది. పొలంలో ఆవిడకి ఎప్పుడు చెప్పిందో, ఆవిడ ఎంత సులువుగా ఓడిపోయానందో.

తొడుగు విప్పి మళ్ళీ కుట్టాను. ఈసారి కొలత నాకు బాగా తెలుసు. తెలిసీ ఒక వేలెడు తగ్గించాను. ఇంకో శనివారం గడిచింది. అంకమ్మరావు తిట్టాడు. పిల్లలకి నేను అలవాటయ్యాను. "తాతొచ్చాడ్రోయ్, జరగండి!" అని బల్ల దగ్గర చోటిచ్చేవాళ్ళు. నా దగ్గర మాత్రం జవాబులు అయిపోయాయి.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం అన్నంలోకి పండుమిరప పచ్చడి కలుపుకుని తింటున్నాను. పచ్చడి నేనే నూరాను, ఉప్పెక్కువైంది. రెండో ముద్దకి పొలమారింది. ఊపిరాడలేదు. కళ్ళ నిండా నీళ్ళు. నా చెయ్యి దానంతటదే లేచి నా నెత్తిన తట్టింది. జోహరాబీ ఉన్నన్నాళ్ళూ నాకా అవసరం రాలేదు. నాకు పొలమారితే జోహరాబీ ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి, తడిచేత్తో మాడు మీద కొట్టేది. "ఎవరో తలుచుకుంటున్నారయ్యా," అనేది.

చెయ్యి నెత్తి మీద ఉండగానే తెలిసింది.

దూరపోళ్ళు పిలిస్తే వచ్చేది. దగ్గరోళ్ళు కొడితే పోయేది.

అన్నం ముందు అలాగే కూర్చున్నాను. మరి ఇప్పుడు నన్నెవరు తలుచుకున్నారు? ఊళ్ళో నన్ను తలుచుకునేవాళ్ళు లేరు. అంకమ్మరావు తలుచుకుంటే తిట్లే వస్తాయి. కొండమ్మేమోనని ఒక్క క్షణం అనిపించింది. ఆ ఆలోచనని మెతుకులతో పాటు ఉమ్మేశాను. పోయినవాళ్ళు మనల్ని తలుస్తారో లేదో మసీదులో ఎప్పుడూ చెప్పగా వినలేదు. అడగలేదు కూడా. లేదంటే ఏం చెయ్యను?

తొడుగు సరైన కొలతకి కుట్టుకుని బడికి వెళ్ళాను. అంకమ్మరావు అప్పటికే తాళం చేత్తో పట్టుకుని వరండాలో తిరుగుతున్నాడు. పిల్లలు ముందు నా చంకలో తొడుగే చూశారు.

"ఇయాళ్టితో ఆఖరంట తాతా," అంది ఎస్తేరు. "జవాబు దొరికిందా?"

దొరికింది. కొట్టమంటే కొట్టేది. మిషను రైటనేది. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. నేను గెలిచేవాణ్ణి. గెలిచి ఎవరికి చెప్పుకోను?

"ఓ నొక్కు," అన్నాను.

అందరూ నా వంక తిరిగారు.

"ఉత్తినే నొక్కకూడదు. నోటితో అనాలి," అంది ఎస్తేరు.

"ఓడిపోయాను."

"ఇనపళ్ళేదు!" అన్నాడు వెనకనుంచి ఒకడు.

"ఓడిపోయాను," అన్నాను, వరండాలోకి వినపడేటట్టు.

ఆ మాట కోసం ఎదురుచూసిన మనిషి వినలేదు. విన్నవాళ్ళకి అది ఏ మాటో తెలియదు.

ఎస్తేరు మీట నొక్కి తెర మీద అక్షరాలు చదివింది. "పొలమారడం."

"ఓర్నీ! నెత్తిన కొడితే పోద్ది కదా!" అని ఒకడు పక్కవాడి నెత్తిన ఒక్కటిచ్చాడు. వాడు తిరిగి ఇచ్చాడు. గదంతా కొట్టుకోవడం మొదలుపెట్టారు. జయకుమారి టీచరు ఆపలేదు. ఆమె నన్నే చూస్తోంది. నేను నిజంగా ఓడిపోలేదని ఆమెకి తెలిసిపోయినట్టుంది.

అంకమ్మరావు లోపలికొచ్చాడు. "ఏంటీ గోల? సాయిబూ, తొడుగు వెయ్యి."

వేశాను. వేలికి ఉంగరం పట్టినట్టు పట్టింది. ఆయన ముఖం వెలిగింది. తెర, మీటలు, ఆ ప్రశ్న, అన్నీ నా గుడ్డ కింద ఉన్నాయి. చూశాను. వెంటనే తీసేశాను.

"బిగుతయిందండి. విప్పి కుట్టాలి."

"ఎక్కడయ్యా బిగుతు? సరిగ్గా సరిపోతే!"

"మీ కంటికి సరిపోయింది. ఒక్క ఉతుకుకి ముడుచుకుపోద్ది. గవర్నమెంటు వస్తువు, రేపు మీట ఊడితే నా మీదికొస్తారు."

పిల్లల కోసం కాదు. పిల్లలంటే నాకు ప్రత్యేకంగా ప్రేమేం లేదు. జోహరాబీ ప్రశ్నకి నా చేత్తో ముసుగు వెయ్యడం నాకిష్టం లేదు, అంతే. తొడుగు చంకలో పెట్టుకుని బయటికొచ్చాను.

చర్చి దగ్గర కొండమ్మ ఎదురొచ్చింది. ఆగింది, ఏదో అనబోయింది. నేను ఆగలేదు.

తొడుగు ఇంకా నా దగ్గరే ఉంది. అంకమ్మరావు కబురు మీద కబురు పంపుతున్నాడు. పెళ్ళిళ్ళ పనుందని చెప్పి పంపుతున్నాను.

అప్పుడప్పుడు అన్నం దగ్గర పొలమారుతుంది. నీళ్ళ చెంబు చేతికందే దూరంలోనే ఉంటుంది. తీసుకోను. నెత్తిన తట్టడానికి దగ్గరోళ్ళెవరూ లేరు. నేనూ తట్టుకోను. వచ్చిందాన్ని కాసేపు ఉండనిస్తాను.