గ్లెనిస్ ఇచ్చేసిన గొంతు

పొద్దున్నే గ్లెనిస్ టోస్ట్ కాల్చి, నెవిల్ చేతికి టీ కప్పు అందించి, కిటికీ దగ్గర నిలబడి బయట కనిపించేదంతా చెప్పేది.

"పక్కింటివాళ్ళు చెత్తడబ్బా మళ్ళీ మరిచారు. మ్యాగ్‌పై పిట్ట పోస్టుమనిషి వెంట పడింది. పాపం, హెల్మెట్ తీయకుండా పరిగెడుతున్నాడు."

నెవిల్ నవ్వేవాడు. షుగరు అతని చూపు తినేసి, కిడ్నీల మీద పడింది. లోకమంటే అతనికి భార్య గొంతే.

డయాలసిస్ క్లినిక్ రెండు వీధుల అవతలే ఉండేది. దాన్ని మూసేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఇకమీదట మెల్‌బోర్న్ నడిబొడ్డున ఉన్న పెద్దాసుపత్రికి పోవాల్సిందే. ఒకసారి వెళ్ళి చూశారు. తిరుగు రైల్లో నెవిల్‌కి స్పృహ తప్పింది.

"ఇంకెక్కడికీ తిప్పకు నన్ను. ఇంట్లోనే పోతాను," అన్నాడు.

గ్లెనిస్ తమ ఊరు టల్లాంబీ శాసనసభ్యుడు డారెన్ పాస్కో ఆఫీసుకి వెళ్ళింది.

"పార్టీ నిర్ణయమమ్మా. నా మాట వినేదెవరు?" అన్నాడతను.

"నీ మాట వద్దులే. నాది తీసుకెళ్ళు."

టల్లాంబీలో ఓటున్న ఎవరైనా తమ గొంతు సభ్యుడికి ఇచ్చేయొచ్చు. అది సభలో పలికితే సభ ఆ మాట వినక తప్పదు. కానీ మళ్ళీ ఎన్నికల దాకా అది సభ్యుడిదే, తిరిగి రాదు. పోయినసారి రైల్వే గేటు కోసం గొంతిచ్చిన మాంసం కొట్టు సిల్వియో, ఎన్నికలొచ్చేదాకా సైగలతోనే బేరాలు చేశాడు.

డారెన్ పెన్ను కింద పెట్టాడు. "మీ ఆయనకి చూపు లేదు కదమ్మా. మీరు కూడా మాట్లాడకపోతే ఎలా?"

"మనిషంటూ ఉంటే కదా, వినడానికి."

ఇంటికొచ్చి చెప్పింది.

"పెళ్ళయ్యాక ఒక్క పూటైనా నోరు మూసుకున్నావా నువ్వు," అంటూ నెవిల్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "వద్దు గ్లెనిస్. చీకట్లో నన్నొక్కణ్ణే వదిలేయకు."

మర్నాడు వెళ్ళి ఇచ్చేసింది. డారెన్ ముందు భర్త పేరు ఒకసారి పలికింది. రెండోసారి పలకబోతే ఉత్త గాలే వచ్చింది.

ఆ వారమే సభలో డారెన్ లాంటి భారీ మనిషి నోట ఒక పెద్దావిడ బొంగురు గొంతు లేచి, రైల్లో జరిగింది చెప్పింది. మంత్రి తల దించుకున్నాడు. క్లినిక్ నిలిచింది.

ఇంట్లో మాత్రం కుర్చీ కదిలినా నెవిల్ ఉలిక్కిపడేవాడు. "ఎవరది?" అని అడిగేవాడు. గ్లెనిస్ అతని అరచేతిని తన చెంపకి ఆనించుకునేది. ఒక్కోసారి కోపంతో చెయ్యి లాగేసుకునేవాడు. ఆమె ఏడ్చినా అతనికి వినపడేది కాదు.

చలికాలంలో ఒక మధ్యాహ్నం, క్లినిక్‌లో నెవిల్‌కి డయాలసిస్ జరుగుతోంది, పక్కనే గ్లెనిస్ కూర్చుంది. నర్సు రేడియో పెట్టింది. సభ నడుస్తోంది. ఉన్నట్టుండి గ్లెనిస్ గొంతు వినిపించింది.

"సర్కారు అద్దెకిచ్చిన పాత ఇళ్ళు కూలిస్తేనే టల్లాంబీ బాగుపడుతుంది," అంటోంది.

డారెన్ పార్టీ తెచ్చిన బిల్లు అది. కూల్చే ఇళ్ళలో గ్లెనిస్ వాళ్ళదీ ఉంది. ఆ గొంతు పలికాక బిల్లు నెగ్గుతుందని గదిలో అందరికీ తెలుసు. గ్లెనిస్ లేచి రేడియో కట్టేయబోయింది.

నెవిల్ చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఉండనీ," అన్నాడు. రేడియో వైపు మొహం తిప్పాడు. "అబద్ధమైనా సరే. మాట్లాడు గ్లెనిస్."