ఎదురు వెలుగు

బాన్సువాడలో ముత్తెన్న ఇంట్లో అందరికంటే ముందు లేచేది గంగమణి. అందరికంటే ఆఖరున వాకిట్లోకి వచ్చేదీ ఆమే. చీకటితోనే లేచి, పెరట్లో పేడ ఎత్తి, బర్రెలకు కుడితి పెట్టి, మళ్లీ లోపలికి పోయి తలుపు వెనక కూర్చునేది. అన్న పొలానికి పోవాలి, జీతగాండ్లు చెరుకుతోటకు పోవాలి, వదినె సత్యమ్మ నీళ్లకు పోవాలి. వాళ్లంతా గడప దాటేదాకా ఆమె ఎవరికీ ఎదురు రాకూడదు. పెండ్లయిన రెండో ఏడే మొగుడు చలిజ్వరంతో పోయాడు. అప్పట్నుంచి తెల్లచీర కట్టుకుని పుట్టింట్లోనే ఉంటోంది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. "గంగమణీ, లోపలున్నవా?" అని మాత్రం సత్యమ్మ రోజూ అడిగేది. ఉన్నానంటేనే అడుగు బయట పెట్టేది.

ఆ చీరలు ఉతికేది చాకలి పోసవ్వ. పోసవ్వ ఆరేసిన బట్ట ఆ రోజు ఎండను మడతల్లో దాచుకునేది. మడత విప్పితే వెలుగు వచ్చేది. అది ఊళ్లో అందరికీ తెలిసిందే. పురుడు పోయడానికి వచ్చిన మంత్రసాని నడివేసవిలో ఆరిన దుప్పటి అడిగేది. ముసురు పట్టినప్పుడు పసిపిల్లలను మాఘమాసపు పాతచీరలో చుట్టేవారు. మంచం కింద ముక్కుపుల్ల పడిపోతే తువ్వాలు దులిపి వెతుక్కునేవారు. రంగుబట్టలు వెలుగును సగం తినేసేవి, తెల్లవి మొత్తం దాచేవి. నిలువెల్లా తెలుపు కట్టేది గంగమణి లాంటివాళ్లే. వాళ్లేమో మూలన కూర్చునేవాళ్లు. ఆ వెలుగంతా గోడల పాలయ్యేది.

నిజాంసాగర్ కాలువ నీళ్లొచ్చి పదేండ్లు దాటిన ఆ యేడు, పెద్ద కొడప్‌గల్ నుంచి ఒక కబురు వచ్చింది. సత్యమ్మ పెద్దనాయన కొడుకు వెంకట్రాములు తల్లి మంచాన పడింది. కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. వానాకాలపు వరికోతలయ్యాక బండి తెస్తానని, గంగమణి ఇక అక్కడే ఉండిపోవచ్చని అతను చెప్పి పంపాడు. ముత్తెన్న సరేనన్నాడు. ఆ సంగతి గంగమణి తలుపు వెనక నుంచి విన్నది. ఆమెను ఎవరూ అడగలేదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో సాంబమూర్తి వచ్చాడు. కాలువ కింద భూములు కొనుక్కున్న కోస్తా రైతుల వెంట, మూడు కాళ్ల మీద నిలబడే పెద్ద కెమెరాతో తెనాలి వైపు నుంచి వచ్చిన మనిషి. స్టూడియో లేదు. ఎండే అతని దీపం. ముత్తెన్న నాయనమ్మ బక్కమ్మ, తను పోయేలోగా ఇంటిల్లిపాదినీ ఒక ఫోటోలో చూడాలన్నది. సాంబమూర్తి పొద్దున్నే తీస్తానన్నాడు. కానీ ఆ రోజు పొలానికి నీళ్ల వంతు. ముత్తెన్న ఇంటికి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

ఈ ఎండలో కూర్చోబెడితే కళ్ల కింద, ముక్కు కింద గుంటలు పడతాయని సాంబమూర్తి అందరినీ వసారా అంచున నీడలోకి జరిపాడు. అక్కడేమో మొహాలు నల్లబడ్డాయి. ఎదురుగా తెల్లటిదేదైనా పెడితే వాకిట్లో ఎండ దానికి తగిలి మొహాల మీదికి మళ్లుతుంది. అతని దగ్గరున్న దుప్పటి కాలువ దుమ్ముకి మట్టిరంగు తేలింది. దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. బక్కమ్మ కళ్లు గుంటల్లోనే ఉండిపోయాయి.

అప్పుడే గంగమణి పిల్లలకు మంచినీళ్ల చెంబు తీసుకుని పెరటి వైపు నుంచి వచ్చింది. ఆమె తెల్లచీర నుంచి ముసలామె మొహం మీదికి మెల్లగా వెలుగు పరుచుకుంది.

సాంబమూర్తి కెమెరా మీద కప్పిన నల్లగుడ్డలోంచి తల బయటికి తీశాడు. "అమ్మా, అక్కడే ఆగండి. కాస్త ఇటు జరిగి వీళ్లకి ఎదురుగా నిలబడండి."

సత్యమ్మ చంకలోని బిడ్డ మొహం మీద కొంగు కప్పింది. ఇంకో దుప్పటి తెస్తానని ముత్తెన్న లేవబోయాడు. బక్కమ్మ అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"దాని మొకం సక్కగ సూడక నాకు శానా దినాలాయె," అన్నది. "రా బిడ్డా. ఎదురుంగ నిలవడు."

గంగమణి నిలబడింది. ఇంటిల్లిపాదీ ఒక్కసారిగా తననే చూస్తుంటే కాళ్లు వణికాయి. ఆ వణుకుతో అందరి మొహాల మీదా వెలుగు వణికింది. కదలొద్దన్నాడు సాంబమూర్తి. ఆమె ఊపిరి బిగపట్టింది. తను భుజం కొంచెం తిప్పితే అవ్వ కంటికింది గుంట నిండుతోందని గమనించింది. మరీ ముందుకుపోతే మొహాలు తెల్లగా చప్పబడిపోతున్నాయి. ఎవరూ చెప్పకుండానే అడుగు వెనక్కి వేసింది. సాంబమూర్తి కెమెరా కంటి మీది మూత తీశాడు.

ఆ ఫోటో చూడటానికి వాడకట్టంతా వచ్చింది. బక్కమ్మ కళ్లలో నల్లగుడ్లు కూడా కనిపిస్తున్నాయి. ఆ తర్వాత ఫోటో దిగాలనుకున్నవాళ్లంతా సాంబమూర్తితో పాటు గంగమణినీ పిలిచారు. నస్రుల్లాబాద్ నుంచి, రుద్రూర్ నుంచి బండ్లు వచ్చాయి. ఆడపిల్ల ఊళ్లు తిరుగుడేందని ముత్తెన్న సణిగితే, తోడుగా నేను పోతున్న గదా అన్నది బక్కమ్మ. మబ్బు రోజుకు నడివేసవి చీర, ఎండ రోజుకు వానాకాలపు చీర కట్టుకోవాలని గంగమణి తెలుసుకుంది. నల్లగుడ్డ కింద దూరి, గాజుపలక మీద తలకిందులుగా నిలబడ్డ మనుషులను చూడటం నేర్చుకుంది. ఇంట్లో మాత్రం సత్యమ్మ పొద్దున్నే అడిగే మాట అడుగుతూనే ఉంది. కోతల తర్వాత వచ్చే బండి సంగతి ఎవరూ ఎత్తలేదు, కాదనలేదు.

శ్రావణంలో ముసురు పట్టిన ఒక రోజు, కచేరీలో పెద్ద కొలువు చేసే సాయబు ఇంటి నుంచి మనిషి వచ్చాడు. సాయబు భార్య బేగంకు జబ్బు ముదిరింది. మర్నాడే హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోతున్నారు. తిరిగి వస్తానో రానో, బిడ్డకు నా మొకం ఉండాలని ఆమె పట్టుబట్టింది. ఘోషా ఇల్లు. మగమనిషి లోపలికి రాకూడదు.

సాంబమూర్తి కెమెరాను లోపలి వాకిట్లో నిలబెట్టి, మూత ఎప్పుడు తీయాలో ఎప్పుడు మూయాలో గంగమణికి రెండుసార్లు చెప్పి, గోడ బయటికి వెళ్లిపోయాడు. నాలుగు వైపులా ఎత్తు గోడలు. పైన ముద్దకట్టిన మబ్బు. ఈ వెలుతురులో ఫోటో పలక పాడుచేసుకోవడమేనని అతను గోడ అవతల నుంచి అన్నాడు. రేపు చూద్దామన్నా రేపన్నది లేదు.

బేగంను దిండ్లు ఆనించి కూర్చోబెట్టారు. పక్కన ఆరేండ్ల కూతురు. తల్లి మొహం నీడలో ఆనవాలు పట్టలేనట్టుగా ఉంది. గంగమణి నల్లగుడ్డ కిందికి దూరి చూసింది. ఏమీ కనిపించలేదు. పైన కప్పుకున్న గొంగడి తీసి పక్కన పెట్టింది. జబ్బుమనిషి కండ్లకు నడివేసవి ఎండ ఎక్కువవుతుందని కట్టుకొచ్చిన, మాఘమాసంలో ఆరిన చీర అది. వాకిలి తెల్లవారింది.

బేగం కండ్లు చికిలించి, మెల్లగా తెరిచింది. ఆమెకు తెలుగు వచ్చు. "గీ ఎండ ఏ నెలది అక్కా?"

"మాఘమాసంది అమ్మా."

"అందుకే. మామిడిపూత వాసనొస్తుంది."

ఆ మాట అంటూ ఆమె కూతురి వైపు తిరిగి నవ్వింది. గంగమణి కెమెరా పక్కనే, ఆమెకు ఎదురుగా నిలబడి మూత తీసింది. తన ఊపిరి కూడా ఆపుకుని మళ్లీ మూసింది.

బేగం హైదరాబాద్ నుంచి తిరిగి రాలేదు. ఫోటో మాత్రం ఆ పాప దగ్గర ఉంది. పరామర్శకు వచ్చిన ఆడవాళ్లందరికీ ఆ పాప దాన్ని చూపించింది. ఆ ఆడవాళ్లు తమ ఇండ్లకు పోయి తమవాళ్లకు చెప్పారు. ఘోషా ఇండ్ల నుంచి, దేశ్‌ముఖుల గడీల నుంచి గంగమణికి పిలుపులు మొదలయ్యాయి. సాంబమూర్తి ఇంకో కెమెరా తెప్పించుకుని పాతది ఆమె చేతిలో పెట్టాడు.

కోతలయ్యాయి. ఒక పొద్దున వెంకట్రాములు బండి కట్టుకుని వాకిట్లో దిగాడు. సత్యమ్మ అతనికి కాళ్లకు నీళ్లిచ్చింది. గంగమణి లోపల చీరలు మూటగట్టుకుంటోంది. ఎక్కడికి పోవడానికో ఆమెకే తెలియదు. ఆ పొద్దు బోధన్‌లో ఒక ఇంటివాళ్లు రమ్మన్నారు. అన్నకు చెప్పింది గానీ, అన్న ఔననీ కాదనీ అనలేదు.

వెంకట్రాములు నీళ్లు తాగి, పొద్దెక్కకముందే బయలుదేరుతామన్నాడు. ముత్తెన్న వసారా గోడకున్న ఫోటో వైపు చూశాడు. నాయనమ్మ ఉంది, పెండ్లాం ఉంది, పిల్లలున్నారు, తనున్నాడు. అందరి కండ్లూ ఒకే వైపు చూస్తున్నాయి. వాళ్లు చూస్తున్న మనిషే అందులో లేదు.

"ఇంకెవల్నన్న జూసుకో బావా," అన్నాడు. "మా గంగమణికి తీరికుండదు."

వెంకట్రాములు నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయాడు. సత్యమ్మ చెంబు పట్టుకుని అక్కడే నిలబడింది. ముత్తెన్న లేచి కొట్టంలోకి పోయి ఎడ్లను విప్పి తన బండికి కట్టాడు. బండిలో గడ్డి పరిచి, కెమెరా మూడు కాళ్లూ తనే మోసుకొచ్చి జాగ్రత్తగా పడుకోబెట్టాడు. అప్పుడు ఇంట్లోకి కేక వేశాడు.

"జల్ది రా చెల్లె. బోధన్ దూరం."