మోకాళ్ల గోలీలు

ఆటగాళ్లకు డోపింగ్ పరీక్ష చేసే అధికారులు పొద్దున్నే నాగర్‌కర్నూల్‌లోని ఇష్రత్ ఇంటికి వచ్చి కూర్చున్నారు. ప్రత్యర్థి మీద అనుమానంతో, ఇద్దరికీ పరీక్ష చేయాల్సిందేనని పట్టుబట్టింది ఆమె కొడుకు, బాక్సర్ రెహానే.

"తెల్వక మింగిన అంటే ఇనొద్దు సార్. ఒంట్ల మందు దొరికితే వాడు దొంగనే," అంటున్నాడు.

తలుపు చాటున నిలబడి ఇష్రత్ వింటోంది. కొడుకు భుజం నొప్పి చూడలేక, ఆర్‌ఎంపీ తనకిచ్చిన మోకాళ్ల గోలీలు వారం రోజులు నూరి అతని పాలలో కలిపింది. అవి ఆటగాళ్లు వాడకూడని స్టెరాయిడ్లని నిన్ననే మందుల షాపతను చెప్పాడు.

"ఏమైనా మందులు వాడారా?" అడిగాడు అధికారి.

"ఒక్క గోలీ గూడ ముట్టలే. తిండి, పాలు అన్నీ మా అమ్మ చేతులనే. ఆమెనే అడుగుండ్రి," అని రెహాన్ నవ్వుతూ కేకేశాడు. "అమ్మీ, జర ఇటు రా!"