కాపలా పళ్లెం

స్టే ఇచ్చిన జడ్జిని బదిలీ చేశారన్న మాట చెవిన పడేసరికి ఉమ చేతులు ఇంకా సబ్బునురగలోనే ఉన్నాయి.

ఆమె పాచిపని చేసే ఆ ఇల్లు ఢిల్లీ వసంత్ కుంజ్‌లో కేంద్రప్రభుత్వ అధికారి వీరభద్రరావుది. హాల్లో ఆయన ఫోన్లో నవ్వుతున్నాడు. "మంచి జడ్జేనండీ, కాదనను. అడుగడుక్కీ అడ్డం పడితే ఎలా? దూరంగా పంపించేశాం. కొత్తాయన నిన్ననే స్టే ఎత్తేశాడు. బస్తీ ఇవాళే ఖాళీ."

ఆ బస్తీ ఉమది. ఈ ఫ్లాట్లు కట్టడానికి పాలమూరు నుంచి వచ్చిన కూలీలు రాళ్ళగుట్ట వెనక వేసుకున్న ఇళ్ళు. బుల్డోజర్ భయంతో ఆడవాళ్ళు వంతులవారీగా సందు మొదట్లో పళ్లెం, గరిటె పట్టుకుని కూర్చునేవారు. అది మోగితే చాలు, బస్తీ అంతా వచ్చి యంత్రానికి అడ్డం పడేది. కూల్చొద్దని కోర్టు స్టే ఇచ్చిన రోజు పరమాన్నం వండుకుని, కాపలా ఎత్తేశారు. "కోర్టే కావలి కూసున్నంక మనమెందుకే?" అన్నాడు పెద్దమనిషి కోటయ్య. ఆ మాట అందరికీ పరమాన్నంకన్నా తీపిగా ఉంది.

ఉమ కుళాయి కట్టలేదు. కడుగుతున్న పళ్లెం, గరిటె పట్టుకుని బయల్దేరింది.

"అవి ఎక్కడికే?" అంది ఇంటావిడ కమలాకుమారి.

"మా ఇండ్లు కూలగొడుతుండ్రంటమ్మా."

"అయ్యో! సార్ చేతుల్లో ఏముందే? కోర్టు చెప్పింది."

"కోర్టు చెప్పిందో, కోర్టుకే చెప్పిండ్రో, సార్‌నే అడుగుండ్రి."

కమలాకుమారి హాలు వైపు చూసింది. గుమ్మంలోంచి పక్కకి తప్పుకుంది.

కింద, రెండు బ్లాకుల నడుమ నిలబడి ఉమ పళ్లెం కొట్టింది. పై అంతస్తుల్లో చీపుళ్ళు ఆగాయి. పెనాల మీద రొట్టెలు మాడాయి. మెట్లన్నీ పనికొచ్చిన బస్తీ ఆడవాళ్ళతో నిండాయి.

వాళ్ళు చేరేసరికి కోటయ్య ఇంటి గోడ నేలమీదుంది. పరమాన్నం వండిన గిన్నె దాని కింద నలిగింది. గుంపంతా బుల్డోజర్ ముందు బైఠాయించింది.

"ఆర్డర్ హై. హటో!" తప్పుకోమని ఇన్‌స్పెక్టర్ అరిచాడు.

"హమారే పాస్ భీ థా, సాబ్," మా దగ్గరా ఒక ఆర్డరు ఉండేదని అన్నాడు కోటయ్య. గుంపు వైపు తిరిగి, "ఇచ్చిన జడ్జిని యాడ దాసిండ్రో అడుగుండ్రే!" అన్నాడు. ఆ గోడ పక్కనే ఆడవాళ్ళు గొల్లుమని నవ్వారు.

ఇన్‌స్పెక్టర్‌కి ఆ నవ్వు నచ్చలేదు. ఉమ చేతిలో పళ్లెం లాక్కున్నాడు. తెలుగిళ్ళలో ప్రతి స్టీలు సామానుకీ ఉన్నట్టే దాని అంచున ఇంటాయన పేరు చెక్కి ఉంది, ఇంగ్లీషు అక్షరాల్లో. ఆ పేరు అతనికి తెలుసు. పక్కకెళ్ళి ఆయనకే ఫోన్ చేసి వచ్చాడు.

"సాబ్ బోలే, చోరీ కా మాల్ హై." దొంగసొత్తట.

ఉమని వ్యాన్‌లోకి తోస్తూ, "కల్ జడ్జ్ కో బోల్‌నా," రేపు జడ్జికే చెప్పుకోమన్నాడు.

"కౌన్‌సా జడ్జ్?" ఉమ వెనక్కి తిరిగింది. "కల్ తక్ రహేగా? రేపటిదాకనన్న ఉంటడా?"

తలుపు మూశారు. బుల్డోజర్ ఇంజిను ఆగలేదు. ఉమ వ్యాన్ కిటికీ ఇనపజాలీకి చెవి ఆనించింది. మొదట సందు మొదట్లో ఒక పళ్లెం మోగింది. తర్వాత పది. ఆపైన దూరంగా, ఫ్లాట్ల వైపు నుంచి ఇంకొకటి.

పనివాళ్ళంతా ఇక్కడే ఉన్నారు. మరి తను కుళాయి కట్టకుండా వదిలొచ్చిన ఆ వంటింట్లో గరిటె పట్టిందెవరు?