సీసాలో మిగిలిన పెళ్ళి

మధ్యాహ్నం భోజనాలయ్యాక స్నానాలగది కిటికీకి నల్లగుడ్డ కట్టి, ఫోటోల మాస్టారు ఫిల్ము కడగడానికి కూర్చునేవాడు. చీకట్లో ఫిల్ముని డబ్బాలో చుట్టేసి, కొలతగ్లాసు కంటికెదురుగా ఎత్తి పట్టుకుని, బొమ్మని తేల్చే మందు గీత దాకా వచ్చేవరకు ఊపిరి బిగబట్టి పోసేవాడు. పనయ్యాక మందు పారబోసేవాడు కాదు. గరాటు పెట్టి గోధుమరంగు సీసాలోకి వంచుకుని మళ్ళీ వాడేవాడు. వాడినకొద్దీ మందు నీరసపడుతుంది గనక, తర్వాతి ఫిల్ముని ఇంకాస్త ఎక్కువసేపు నాననిచ్చేవాడు.

ఒక ఫిల్ములో సరిగ్గా తేలని బొమ్మలు ఆ మందులోనే ఉండిపోయి, తర్వాతి ఫిల్ములో తేలేవి. వీధిలో అందరికీ తెలిసిన సంగతే. ఓసారి బేకరీ ఆవిడ మనవరాలి పుట్టినరోజు ఫోటోలో దర్జీగారి మేనమామ ప్రత్యక్షమయ్యాడు.

"పోయినసారి తేలలేదమ్మా, ఇప్పుడొచ్చాడు," అన్నాడు మాస్టారు.

"వస్తే వచ్చాడు గానీ, సరిగ్గా కేకుకే అడ్డం నిలబడాలా?" అని నవ్వుకుంటూ ఆవిడ ఫోటో పట్టుకుపోయింది.

మాస్టారి కూతురు ఓ లారీ డ్రైవరుని ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. అది నచ్చక మాస్టారు పెళ్ళికి వెళ్ళలేదు. మర్నాడు ఆ పిల్లే వచ్చి ఫిల్ము చుట్ట బల్ల మీద పెట్టింది.

"నువ్వే కడగాలి నాన్నా. ఇంకెవరికీ ఇవ్వను."

కడిగాడు. కానీ మందు పోసిన కాసేపటికే కడుపుమంట ఆపుకోలేక, సగంలోనే సీసాలోకి వంచేశాడు. ఫిల్ము గాజులా ఖాళీగా వచ్చింది.

"పాడైపోయింది," అన్నాడు.

కూతురు దాన్ని వెలుతురుకి పెట్టి చూసింది. ఆ మందుల వాసనలో పెరిగిన పిల్ల, తెలియకుండా ఉంటుందా? దాన్ని చుట్టి బల్ల మీదే పెట్టేసి వెళ్ళిపోయింది.

పెళ్ళంతా సీసాలోనే ఉంది. ఇంకో ఫిల్ము వేస్తే చాలు, లేచి వచ్చేది. రేపు వేద్దాంలే అనుకున్నాడు. కూతురు ఫోను చేస్తే వేద్దాంలే అనుకున్నాడు. గాలి తగిలితే మందు చచ్చిపోతుందని, మట్టం మూతి దాకా వచ్చేలా సీసాలో గాజు గోళీలు వేసి, మూత బిగించి అటకెక్కించాడు. కొత్త మందు కలుపుకుని వీధివాళ్ళ ఫోటోలు కడుగుతూ ఉండిపోయాడు. ఏళ్ళు గడిచిపోయాయి.

అల్లుడి లారీ లోయలో పడిందనీ, మనిషి దక్కలేదనీ ఎవరో చెబితే తెలిసింది. వెళ్ళడానికి మొహం చెల్లలేదు. చివరికి కూతురే వచ్చింది, చిన్నపిల్లని వెంటబెట్టుకుని.

"ఆ తర్వాత మేం ఫోటోలే దిగలేదు నాన్నా. లైసెన్సు మీదున్న ఫోటోలో సగం మొహం ముద్ర కింద పోయింది. దీనికి వాళ్ళ నాన్న మొహం తెలియాలి కదా. నువ్వా మందు పారబోసి ఉండవని వచ్చాను. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతాం."

సీసా దించాడు. మందు కాఫీ డికాక్షన్‌లా నల్లబడింది. గోళీలు తీసేసి కొలిస్తే గీతకి కిందే ఆగింది. నీళ్ళు కలిపితే ఉన్న ప్రాణం కూడా పోతుందని కలపలేదు. కొత్త ఫిల్ము వేసి, డబ్బాని చంటిపిల్లని ఆడించినట్టు మెల్లగా తిప్పుతూ కూర్చున్నాడు. అంత జాగ్రత్తగా ఆయన ఏ ఫిల్మూ కడగలేదు.

ఫిల్ము పొడుగునా ఏమీ లేదు. చివర్న ఒక్కటే బొమ్మ తేలింది. దాన్ని కాగితం మీద వేసి ముగ్గురూ చూశారు.

అల్లుడు. తెల్లచొక్కా, తడిపి దువ్విన జుట్టు. చుట్టూ జనం చోటు చాలక నిలబడి ఉన్నారు. అతను ముందువరసలో ఓ ఖాళీ కుర్చీని రెండు చేతులా పట్టుకుని, తలుపువైపు చూస్తున్నాడు.

"అందులో ఎవరూ కూర్చోలేదేం?" అంది పిల్ల.

"మీ తాత కోసం పట్టుకున్నాడే మీ నాన్న. వచ్చేస్తారు, వచ్చేస్తారు అంటూ చివరిదాకా ఎవర్నీ కూర్చోనివ్వలేదు."

మాస్టారు చేతులు తుడుచుకోబోయి ఆగిపోయాడు.

"ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నానమ్మా," అన్నాడు. "పనేం లేదు. ఊరికే కూర్చున్నాను."

బస్సు వేళ దాటిపోయింది. కూతురు లేచి, సంచిలోంచి పిల్ల బట్టలు ఒక్కొక్కటే తీసి కొక్కేలకి తగిలించడం మొదలుపెట్టింది.