పెద్దాయన వైద్యం

ఓడ ఉద్యోగానికి బయలుదేరే ముందు బావమరిది తన చేపల తొట్టిని తెచ్చి అక్క ఇంట్లో పెట్టాడు. తొట్టినిండా రంగురంగుల చిన్న చేపలు, అడుగున ఇసుక కెలుక్కుంటూ తిరిగే మీసాల చేప ఒకటి. దానికి పెద్దాయన అని పేరు పెట్టుకున్నాడు. గుమ్మం దాటుతూ, "అక్కా, వీటిని నువ్వే చూసుకో. బావ చెయ్యి పడితే ప్లాస్టిక్ మొక్క కూడా వాడిపోతుంది" అని నవ్వి పోయాడు.

బావ దర్జీ. ముందు గదిలోనే మిషను. బావమరిది మాటకు పైకి నవ్వాడు గానీ లోపల చురుక్కుమంది. ఆ రోజు నుంచి మేత డబ్బా భార్య చేతికి ఇవ్వనేలేదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చారెడేసి మేత వేసి, "తినండ్రా, బొద్దుగా తయారవ్వండి" అనేవాడు. చేపలు తిన్నంత తినేవి, మిగతాది ఇసుకలోకి దిగి కుళ్లేది.

ఒక సాయంత్రం పెద్దాయన మేతకు రాలేదు. రోజంతా తొట్టిలోని చెక్క దుంగ వెనక దాక్కోవడం దాని అలవాటే గానీ, పొద్దు వాలగానే బయటికి రావాలి కదా! దర్జీ కళ్లజోడు సర్దుకుని అద్దానికి ముక్కు ఆనించాడు. చేప డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. ఉన్నట్టుండి వచ్చి రాయికి ఒళ్లు రాసుకుని మళ్లీ దుంగ వెనక్కి పోయింది. ఒంటి మీద ఉప్పు రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు. మీసాలైతే ఎవరో కత్తెర వేసినట్టు సగానికి సగం అరిగిపోయాయి.

"పెద్దాయనకి ఒంట్లో బాలేదే!" అని కేకపెట్టాడు.

జాకెట్టు కోసం వచ్చిన ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, మీ నాన్నగారికా? ఆస్పత్రికి తీసుకెళ్లారా?"

"మా నాన్న కాదమ్మా, చేప."

ఆవిడ జాకెట్టు తీసుకుని గబగబా వెళ్లిపోయింది.

భార్య తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. "దానికి నూకలు చెల్లినట్టున్నాయి. పోతే ఇలాంటిదే ఇంకోటి తెచ్చి వేద్దాం. మా తమ్ముడికేం తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుందిగా" అని అతను చెప్పులు వేసుకున్నాడు.

పెంపుడు చేపల దుకాణం ఆమె, చుక్కలని చెప్పగానే మందు సీసా తీసి ఇచ్చింది. ఏ చేపకో ఆమె అడగలేదు, ఇతను చెప్పలేదు. సీసా మీద రాసినట్టే కొలిచి పోశాడు. తెల్లారి లేచి చూస్తే పెద్దాయన పక్కకి ఒరిగిపోయి, నీటి పైకి నోరు పెట్టి గుటకలు వేస్తోంది. దర్జీ చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. డాక్టరు ఒక కుక్కకు సూది వేస్తూ అంతా విన్నాడు.

"పొలుసులున్నాయా దానికి?"

"లేవండి. ఒళ్లంతా నున్నగా ఉంటుంది."

"అదీ సంగతి. అలాంటి చేపలు ఘాటు మందు తట్టుకోలేవు. ముందు నీళ్లు మార్చండి, గాలి బాగా ఆడనివ్వండి. తేరుకున్నాక సగం మోతాదుతో మొదలుపెట్టండి. అడుగు శుభ్రం చేస్తున్నారా?"

"మేత బాగానే వేస్తున్నానండీ" అన్నాడు దర్జీ. అన్నాక గానీ తను ఏం చెప్పాడో తనకే తట్టలేదు. సిగ్గుతో తల దించుకున్నాడు.

ఇంటికి వచ్చి చొక్కా చేతులు మడిచాడు. పైపు పెట్టి ఇసుకలోని మురుగంతా లాగేశాడు. గది అంతా కంపు కొట్టింది. భార్య ముక్కుకు కొంగు చుట్టుకుని, తను ముందు రోజు పట్టి ఉంచిన నీళ్లు బిందెలతో మోసుకొచ్చింది. "చేపకి చేసే సేవలో సగం నాకు చేస్తే నా నడుం నొప్పి ఎప్పుడో పోయేది" అని సణుగుతూనే ఇంకో బిందె అందించింది. మధ్యాహ్నానికి పెద్దాయన ఒరగడం మాని మెల్లగా తిన్నగా ఈదింది.

ఆ తర్వాత దర్జీ పట్టుదల చూసి వీధిలో వాళ్లు నవ్వుకున్నారు. డాక్టరును మళ్లీ అడిగి, మందును పీల్చేసే బొగ్గును ఫిల్టరులోంచి తీసేశాడు. నీటి వేడి ఒక్కసారిగా కాకుండా మెల్లమెల్లగా పెంచాడు. మేత చిటికెడుకు తగ్గించి, తినగా మిగిలింది వెంటనే తీసేశాడు. సగం మోతాదు మందు వేసినప్పుడల్లా మిషను ఆపేసి, కుర్చీ లాక్కుని తొట్టి ముందే కూర్చున్నాడు. చిన్న చేపల్లో రెండు చచ్చిపోయాయి. వాటిని తీసేటప్పుడు అతని మొహం చూసి భార్య తనే వచ్చి గిన్నె పట్టింది. చుక్కలు ఒక్కొక్కటిగా రాలిపోయాయి. మీసాలు చివర్ల నుంచి సన్నగా సాగడం మొదలుపెట్టాయి.

సరిగ్గా అప్పుడే బావమరిది దిగాడు. వీధిలో వ్యాను ఆపి, లోపలికి వస్తూనే తొట్టి వైపు వెళ్లాడు.

"బావా! పెద్దాయన మీసాలేవి?"

"నా వల్లే పోయాయి. మేత ఎక్కువ వేసి అడుగంతా కుళ్లబెట్టాను. చుక్కల జబ్బు కూడా పట్టుకుంది. రెండు చిన్నవి దక్కలేదు. ఇది దక్కింది."

బావమరిది వేళాకోళం చేయబోయి ఆగి, వంగి చేపను పరీక్షగా చూశాడు. "సరేలే, ఇప్పుడు చుక్కలు లేవుగా. ఎత్తేద్దాం పద, వ్యాను వాడు తొందరపెడుతున్నాడు."

దర్జీ తొట్టికి అడ్డంగా నిలబడ్డాడు. "కుదరదు. చుక్కలు ఒంటి మీద పోయినా ఆ జబ్బు తెచ్చే పురుగు ఇసుకలో ఉంటుంది. మందు పూర్తయ్యేదాకా దీన్ని ఎవరూ కదపడానికి వీల్లేదు."

"నా చేప బావా!"

"నీదే. నేను కాదన్నానా? నయమయ్యాక పట్టుకుపో."

బావమరిది అక్క వైపు చూశాడు. "నన్ను చూస్తావేంట్రా, డాక్టరు గారు ఆయన" అంది ఆమె.

వేరే దారి లేక అతను వ్యానును పంపించేసి వచ్చాడు. దర్జీ అప్పటికే పైపు చేతికి తీసుకుని, రెండో చివర అతనికి అందించాడు.

"బకెట్లో పెట్టి గట్టిగా పట్టుకో. ఇసుక పైకి లేవకూడదు."