పికప్ ఉన్న బండి

“రంగు మాత్రం నువ్వు చెప్పు పద్మా. మిగిలినై మేం జూస్కుంటం,” అన్నాడు నగేశ్, ఫోనులోంచి తల ఎత్తకుండానే.

పద్మలత అప్పుడు పాత కారు వెనక సీటు మీద మోకాళ్ళేసి, అరిగిపోయిన పళ్ళ బ్రష్షుతో కుట్ల మధ్య మురికి గీకుతోంది. మధ్యాహ్నం ఆ కారును హనుమకొండ షోరూములో ఇచ్చేసి, దాని వెల పోను కొత్తది మాట్లాడుకు రావాలని అన్నదమ్ములిద్దరి ఆలోచన. “తళతళ మెరవాలె మరదలా. మురికి గనవడ్డదంటె వాడు రేటు కోస్తడు,” అని జనగామ నుంచి పొద్దున్నే దిగిన బావ ఐలేశ్ హుకుం. హుకుం జారీచేసి, ఆమె పెట్టిన చాయ్ పట్టుకుని తమ్ముడి పక్కన కుర్చీలో చేరాడు.

ఆ కారును నగేశ్ నడిపేవాడు, పద్మలత కడిగేది. అందుకే ఇద్దరికీ తెలిసింది ఒకే కారు కాదు. అతనికి దాని ఇంజను తెలుసు, ఏ గుంత దగ్గర అడుగు తగులుతుందో తెలుసు. ఆమెకు దాని కడుపు తెలుసు. మేడారం పోయొచ్చినప్పుడు మ్యాటు కింద కరిగి పాకమైన బెల్లం, పెళ్ళిలో తాగొచ్చిన అతని దోస్తు కక్కిన తలుపు మూల, అత్తమ్మ మోకాళ్ళ నూనె అంటిన సీటు, రెండున్నరేళ్ళ కూతురు వర్ష సందుల్లో కుక్కిన మరమరాలు. ముందు సీట్లు తుడిచేటప్పుడు మాత్రం ఆమెకు ఎవరింట్లోనో పనిచేస్తున్నట్టుండేది. అక్కడ ఆమె ఏనాడూ కూర్చోలేదు. డ్రైవర్ పక్క సీటు అత్తమ్మది, మోకాళ్ళు ముడుచుకోవు కాబట్టి. అత్తమ్మ రాకపోతే బావది, బావ లేకపోతే ఏ దోస్తుదో. పద్మలతది వెనక, నడిమిట్ల. ఒళ్ళో బిడ్డ, కాళ్ళ మధ్య సంచి. “సన్నగున్నవ్, ఇరుకుల వడ్తవ్ గద” అని పెళ్ళయిన కొత్తలో ఎవరో నవ్వుతూ అన్నారు. పిల్ల పుట్టి ఒళ్ళు వచ్చినా ఆ జాగ మాత్రం మారలేదు.

నగేశ్ ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. ఇల్లంత బండి అది, మట్టి నింపుకుని ఏనుగులా కదులుతుంది, కాస్త తొక్కితే పైవాళ్ళు మెమో ఇస్తారు. “దినమంత ఎడ్లబండి తోలినట్టుంటది అన్నా. సొంత బండన్న జర ఉరకాలె గద,” అంటాడు. అందుకే అతని కన్ను ఎర్ర టర్బో బండి మీద పడింది. తొక్కితే వీపు సీటుకు అతుక్కోవాలి, ఇంటిల్లిపాదీ పట్టాలి, కిస్తీ జీతంలో ఇమడాలి. ఆ మూడూ ఉన్నది అదొక్కటేనట. అయినా పక్కవాటిని చూడకుండా కొంటే మోసపోతామని వారం నుంచి ఫోనులో అవే వీడియోలు. ఎత్తు బండి చూపుకు బాగుంది గాని దబ్బున లేవదు. సెకండ్‌హ్యాండు డీజిల్ది గట్టిదే గాని దాని ఆయుష్షు ఎంతో చెప్పలేం. ఆఖరున వీడియోలో కుర్రాడు గేర్లు మార్చే పనిలేని బండి గురించి ఎత్తుకోగానే ఐలేశ్ వేలితో జరిపేశాడు.

“జర ఆపు బావా, గదేంది?” పద్మలత కారులోంచి తల బయట పెట్టింది.

“గది ఆటోమేటిక్. ముసలోళ్ళ బండి మరదలా. పికప్ ఉండది.”

“క్లచ్ ఉండదంట గద. గసోంటిదైతె నేను గూడ నేర్చుకుంట.”

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“స్కూటీ నేర్పుతాంటె బర్రె అడ్డమొచ్చిందని బండిడిసిపెట్టి బర్రెకు దండం వెట్టింది అన్నా ఈమె,” అన్నాడు నగేశ్. “కారెక్కిందంటె ఇగ భూపాలపల్లి బర్రెలన్ని ఊరిడిసి పోవాలె.”

గడపలో వర్షకు జడ వేస్తున్న అత్త భద్రమ్మ కూడా కిసుక్కుమంది. “ఇంట్ల మొగోడుండంగ నీకెందుకే స్టీరింగు? తొర్రూర్ల మీ నాయిన కార్లు తోలిపిచ్చి పెంచిండా?”

“యాడికి వోవాల్నో చెప్పు, తీస్కవోత. నేను లేనా?” అన్నాడు నగేశ్. ఈసారి ప్రేమగానే అన్నాడు.

నేను లేనా. పద్మలత బ్రష్షు ఆగిపోయింది. లేడు. సంగతి అదే. ఎండాకాలంలో ఆ మధ్యాహ్నం అతను లేడు. ఫస్టు షిఫ్టు, డంపర్ ఎక్కేముందు ఫోను పెట్టెలో పెట్టి పోవాలి. అత్తమ్మ చిల్పూరు గుట్టకు మొక్కు చెల్లించడానికి పోయింది. వర్షకు జ్వరం. తడిగుడ్డ మారుద్దామని లోపలికి పోయి వచ్చేసరికి పిల్ల కళ్ళు తేలేసింది. పిడికిళ్ళు బిగిశాయి, ఒళ్ళంతా కొట్టుకుంటోంది, పెదాలు నీలం తిరిగాయి. పద్మలత బిడ్డను భుజాన వేసుకుంది. మేకుకున్న తాళం అందుకుంది. వాకిట్లో కారు తలుపు తెరిచి ఎక్కి కూర్చుంది, తలుపు వేసుకుంది. అన్నీ సరిగ్గానే చేసినట్టనిపించింది. ఆ తర్వాత కారు ఎందుకు కదలడం లేదో ఆమెకు అర్థం కాలేదు. వెనక సీట్లో, నడిమిట్ల, తన జాగలో, ఒళ్ళో బిడ్డతో, చేతిలో తాళంతో కూర్చుని ముందున్న ఖాళీ సీటు వైపు చూస్తూ ఉంది. ఎంతసేపో తెలీదు. ఒక్క ఊపిరి సేపేమో. కానీ ఆ ఊపిరి బిడ్డది.

తెలివొచ్చి రోడ్డు మీదికి ఉరికితే, మున్సిపాలిటీ చెత్త ఆటో నడిపే కమ్లీ ఎదురైంది. ఏమీ అడగకుండా తల్లీబిడ్డలను పక్కన ఎక్కించుకుని దవాఖానకు చేర్చింది. జ్వరానికొచ్చే ఫిట్సు, భయం లేదు అన్నాడు డాక్టరు. ఐదారేళ్ళు వచ్చేదాకా మళ్ళీ రావచ్చు, వస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు అని కూడా అన్నాడు. అందరూ మొదటి మాట తీసుకుని ఇంటికొచ్చారు. రెండో మాట పద్మలతకు మిగిలింది. అప్పట్నుంచి ఆమె అరచేయి గంటకోసారి బిడ్డ నుదుటి మీదికి దానంతటదే పోతుంది. పక్కింటికి పోయినా కొంగున థర్మామీటరు ఉండాల్సిందే. “జరం ముదిరేదాక ఏం జేసినవే?” అని అత్తమ్మ అడిగింది. నగేశ్ మంచం పట్టె పట్టుకుని ఏడ్చాడు. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, “గీ డొక్కు బండి పనికిరాదు. అర్జంటంటె హనుమకొండ పెద్ద దవాఖానల గంటల వడాలె. జోరు బండి తీస్కుంట,” అన్నాడు. ఎర్ర టర్బో బండి ఆ ఏడుపులోంచే పుట్టింది. అది అబద్ధం కాదని పద్మలతకు తెలుసు. వెనక సీట్లో కూర్చున్న సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇంటర్ రెండో ఏడు పరీక్షలు రాయకుండానే పెళ్ళి చేసుకొచ్చిన మనిషి, సదువుకోనిది అని మాటకు ముందు అనిపించుకునే మనిషి, ఇది కూడా చెప్పుకుని ఏం కావాలి?

మధ్యాహ్నం బయల్దేరారు. అత్తమ్మకు కడుపులో తిప్పుతుందని ముందు సీటు. వెనక కిటికీ పక్కన ఐలేశ్, ఇటు పక్క పండ్ల బుట్ట, నడిమిట్ల పద్మలత. బొగ్గు లారీల వెనక పరకాల దాకా నగేశ్ ప్రతి ఓవర్‌టేకుకూ “గిదే టర్బో అయితెనా…” అంటూ నడిపాడు.

షోరూములో మనిషి అన్నదమ్ములకు ఇంజను గురించి చెప్పాడు, పద్మలతకు పాప కోసం చాక్లెట్ ఇచ్చాడు. “గేర్లు లేనిది ఒకపాలి చూస్తం,” అని ఆమె అంటే, “సార్ చూస్తారా మేడమ్?” అని నగేశ్ వైపు తిరిగాడు. సార్ చూడనన్నాడు. ఎర్ర బండి బయటికి తీశారు. రింగురోడ్డు మీద నగేశ్ ఒక్కసారిగా తొక్కేసరికి పద్మలత వీపు సీటుకు అతుక్కుపోయింది. కడుపులో ఏదో ఉయ్యాలలా పైకి లేచింది. వర్ష కిలకిలా నవ్వింది. ఆ జోరు పద్మలతకూ నచ్చింది. అంత నచ్చుతుందని ఆమె అనుకోలేదు. ఆ తొక్కేది తన కాలే అయితే ఎలా ఉంటుందో అని ఒక్క క్షణం అనిపించింది. ఆమె తన కుడి పాదం వైపు చూసుకుంది. అది సంచికీ సీటుకూ మధ్య ఇరుక్కుని ఉంది.

తిరిగొచ్చాక నగేశ్ మొహం పెళ్ళికొడుకు మొహంలా ఉంది. కాగితాలు బల్ల మీదికొచ్చాయి.

“పాత బండి ఎవరి పేరు మీదుంది సార్?”

“మా మిసెస్ పేరు మీద. నాకు ఇనుము అచ్చిరాదని అయ్యగారు చెప్పిండు,” అన్నాడు నగేశ్. కొన్నప్పుడు జాతకం చూసి, ఆమె పేరు బలమైనదని అలా చేయించారు. కడగడానికైనా నడపడానికైనా ఆ పేరుతో ఇంతకాలం ఎవరికీ పని పడలేదు. “పద్మా, గీడ జర సంతకం వెట్టు.”

వర్షను చంకనేసుకుని పద్మలత బల్ల దగ్గరికొచ్చింది. పెన్ను తీసుకోలేదు.

“పెట్టను.”

“ఏంది?”

“గీ బండి ఇయ్యను. ఇస్తె, నేను నడిపే బండి ఇంటికి రావాలె. అది వద్దంటె గిదే ఉండనీ. దీని మీదనే నేర్చుకుంట.”

ఐలేశ్ షోరూము మనిషికి నవ్వు చూపించి, మరదలికి పళ్ళు చూపించాడు. “బయట పంచాది వెట్టకు మరదలా. ఇజ్జత్ పోతది.”

“నలుగుట్ల మొగని మాటకు ఎదురు చెప్పుడేందే?” అంది భద్రమ్మ.

నగేశ్ గొంతు తగ్గించాడు. “పాప కోసమే గద పద్మా నేను గింత తన్లాడేది. జల్ది పోవాల్ననే గద.”

“పోతది. నువ్వుంటె మస్తు జల్ది పోతది. ఆ దినం నువ్వు లేవు.” ఆమె బిడ్డను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. “గీ బండి వాకిట్లనే ఉన్నది. తాళం నా చేతులనే ఉన్నది. పాపనెత్తుకొని పోయి ఎన్క సీట్ల కూసున్న. ఎవలో వచ్చి తోలుతరన్నట్టు నా జాగల నేను కూసున్న. పాప నా ఒళ్ళె కొట్టుకుంటాంది.”

షోరూము మనిషి మెల్లగా తన కాగితాలు సర్దుకున్నాడు.

“నాకెందుకు చెప్పలే?” అన్నాడు నగేశ్.

“చెప్తె నవ్వుదురు.”

నగేశ్ బల్ల వైపు చూశాడు.

“బండి ఎంత జోరుగ పోతదని నువ్వు సూస్తున్నవ్. వాకిట్ల నుంచి కదుల్తదా లేదా అని నేను సూస్తున్న,” అంది పద్మలత.

ఆ రోజు ఏ బండీ మాట్లాడకుండానే తిరిగొచ్చారు. “ఆడోళ్ళను గింత దూరం తెస్తె గిట్లనే ఉంటది” అని ఐలేశ్ అక్కడ్నుంచే జనగామ బస్సెక్కాడు. నగేశ్ దారిపొడుగునా లారీల వెనకే నడిపాడు, ఒక్కటీ దాటలేదు. తర్వాత కూడా మాటల్లో కోపమే. “కంప్యూటర్ల పరీచ్చ వెడ్తరు లైసెన్సుకు. నీతోని కాదు,” అన్నాడు. పద్మలత వర్షకు అన్నం కలిపి పెడుతూ పెడుతూ ఫోనులో రోడ్డు గుర్తులు చదివింది, కూర తాలింపు వేస్తూ చదివింది, అర్థం కానివి కమ్లీని అడిగింది. పరీక్ష రోజు వేళ్ళు చెమటపట్టి తెర మీద జారాయి గాని పాసయింది. లెర్నింగ్ లైసెన్సు ఫోనుకొచ్చినప్పుడు నగేశ్‌కు చూపిస్తే, “ఫొటో మంచిగ రాలే,” అని మాత్రం అన్నాడు. ఎర్ర బండి వీడియోలు మాత్రం ఆపలేదు. ఆమె కూడా సంతకం మాట మార్చుకోలేదు.

నగేశ్‌కు సెకండ్ షిఫ్టు పడ్డ వారం, పొద్దున్నే పద్మలత చీరకు పిన్నులు గట్టిగా పెట్టుకుంది. వర్షను అత్తమ్మ ఒళ్ళో కూర్చోబెట్టింది, థర్మామీటరు అత్తమ్మ చేతిలో పెట్టింది.

“గంటల వస్త అత్తమ్మా. జర నుదురు పట్టి సూస్తుండు.”

“యాడికే గింత పొద్దుగాల? అన్నం?”

“కుక్కర్ వెట్టిన.” మంచం మీద ఫోను చూస్తున్న భర్త వైపు తిరిగింది. “మూడు విజిల్లు రాంగనే బంద్ చెయ్యి.”

“నేనా?” అన్నాడు నగేశ్, లేచి కూర్చుంటూ.

ఆమె అప్పటికే చెప్పులేసుకుంటోంది. వెనక నుంచి భద్రమ్మ ఏదో అంది. ఆగి వింటే ఆగిపోతానని పద్మలతకు తెలుసు. అందుకే వినలేదు.

గేటు ముందు డ్రైవింగ్ స్కూలు కారు వచ్చి నిలబడింది. నేర్పే అతను నడివయసు మనిషి, దిగి ఎడమ పక్కకు మారుతూ ఇంటి వైపు తొంగిచూశాడు. “సారు గూడ వస్తడా అమ్మా?”

“రాడు.”

స్టీరింగు ముందు కూర్చుంది. పాదాలు అందలేదు. సీటు కింద చెయ్యి పెట్టి వెతికి, కడ్డీ లాగి, సీటును ముందుకు జరుపుకుంది. ఎదురుగా రోడ్డు, పాల క్యాన్ల బండి, అడ్డంగా ఒక కుక్క.

“ముందుగాల గ్రౌండ్ల తిప్పుదం,” అన్నాడతను. “చెయ్యి తిరిగినంక పరకాల రోడ్డెక్కుదం. ఎట్లంటవ్?”

“గ్రౌండ్ల ఎన్ని దినాలన్న తిప్పు అన్నా. రోడ్డెక్కితె మాత్రం మా వాకిలి కాణ్ణుంచి దవాఖాన దాక ముందు నేర్పు,” అంది పద్మలత. “మిగిలిన తొవ్వలు తర్వాత నేర్చుకుంట.”